బురద చేలో చైన్ బండితో స్తంభం ఎత్తాలంటే

తుపాను పోయాక రోడ్డు పక్క కరెంటు స్తంభాలు ముందు లేస్తాయి. చేల నడుమ పడ్డవే మిగిలిపోతాయి. కోనసీమలో మా కరెంటు సెక్షన్‌లో వరిచేల మీదుగా పోయే 11 కేవీ లైన్లే ఎక్కువ. టైర్ల జేసీబీ గట్టు దిగితే అక్కడే కూలబడుతుంది. అందుకే టైర్లకు బదులు చైన్ల మీద నడిచే పొక్లెయిన్ (తవ్వే బండి) తెప్పిస్తాం. చైన్ ఉంది కదా, ఎక్కడికైనా పోతుందనుకుంటే మాత్రం బండీ పోతుంది, రోజూ పోతుంది.

బండి గట్టు దిగకముందే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (ఎల్‌సీ, అంటే లైన్లో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకోండి. ఏబీ స్విచ్ (స్తంభం మీద లైన్‌ను విడదీసే స్విచ్) తీసి తాళం వేసి, పనిచేసే చోటికి రెండు వైపులా వైర్లను ఒకదానికొకటి కలిపి (షార్ట్ చేసి), వాటిని నేలకు కలిపే ఎర్త్ రాడ్లు వెయ్యండి. ఒక వైపు చాలదు. మా దగ్గర రొయ్యల చెరువులకు ఏరేటర్లు ఆగకూడదని జనరేటర్లు వేస్తారు. లైన్ కరెంటునూ జనరేటర్ కరెంటునూ కలవనివ్వని చేంజోవర్ స్విచ్ సరిగ్గా లేకపోతే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి ఎదురెక్కి 11 కేవీగా వస్తుంది. పైన వేరే లైను దాటుతుంటే దానికీ ఎల్‌సీ తీసుకోండి, బండి బూమ్ (పొడవాటి చెయ్యి) ఎత్తగానే తగిలేది అదే.

ఇక నేల చూడటం. 20 టన్నుల పొక్లెయిన్ చైన్ కింద చదరపు సెంటీమీటరుకు పడే బరువు సుమారు అర కిలో. పాతిక కిలోల బియ్యం బస్తా భుజాన పెట్టుకుని మనిషి ఒంటికాలి మీద నిలబడ్డా దాదాపు అంతే పడుతుంది. అందుకే బండి వెళ్లే దారంతా ముందు మా వాళ్లలో ఒకరు బస్తాతో నడుస్తారు. చీలమండ దాటి దిగబడితే ఆ దారి వదిలేస్తాం. ఇది పైపొర సంగతే. వెడల్పాటి చైన్ బరువు ఇంకా లోతుకు దిగుతుంది కాబట్టి నాలుగడుగులకోసారి గునపం దింపాలి. పైన గట్టిగా ఉండి, మూరెడు లోతున జారిపోతే కింద ఊబి ఉన్నట్టే. రైతును తప్పకుండా అడగండి, పాత బోదె ఎక్కడ పూడ్చారో ఆయనకే తెలుసు. నానిన చెరువు గట్టు మీదికి మాత్రం ఎవరు చెప్పినా ఎక్కించొద్దు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖ వైపు డ్యూటీకి వెళ్లాం. స్తంభం దాకా బాగానే చేరాం. బండిని అక్కడికక్కడే తిప్పమని ఆపరేటర్‌కి చెప్పింది నేనే. ఒక చైను ఆగి రెండోది తిరిగేసరికి పైపొర చీలిపోయి, చైన్లు మునిగేదాకా దిగబడింది. బకెట్ నేలకు అదిమి ముందుభాగం లేపుతూ, చైన్ల కింద అడ్డంగా కొబ్బరి దుంగలు తోసుకుంటూ వస్తే సాయంత్రానికి బయటపడింది. అప్పటి నుంచి బురదలో చైను తిప్పనివ్వను. నేరుగా వెళ్లాలి, నేరుగా వెనక్కి రావాలి. తిరగాల్సింది పైన బాడీ ఒక్కటే. తుపానుకు పడ్డ కొబ్బరి చెట్లు చుట్టూ ఉంటాయి, మెత్తని చోట ముందే అడ్డంగా పరిచేయండి.

స్తంభం ఎత్తేటప్పుడు వెడల్పు వైపు నిలువుగా ఉండేలా పట్టుకోవాలి. పలకగా పడుకోబెట్టి ఎత్తితే ఊగి నెర్రె పడుతుంది. వైర్ రోప్‌ను బరువు సమంగా నిలిచే చోటికి కాస్త పైన కట్టి, మొదలుకు తాడు వేసి ఇద్దరు దూరం నుంచి పట్టుకోవాలి. స్తంభం కింద ఎవరూ ఉండకూడదు.

గొయ్యి బకెట్‌తో తీయడం నాకు ఇష్టం ఉండదు. మూతి వెడల్పయిపోతుంది, మొదటి గాలికే స్తంభం వాలుతుంది. 9.1 మీటర్ల స్తంభానికి మీటరున్నర లోతు చాలు, మనుషులతోనే తవ్వించండి. తప్పక బకెట్ పెడితే బండరాళ్లు పొరలు పొరలుగా వేసి దిమ్మిస చెయ్యాలి, స్టే (స్తంభం వాలకుండా లాగి పట్టే తీగ) కట్టాలి.

బండి వెనక్కి వచ్చేటప్పుడు తెగిన గట్టును బకెట్‌తోనే సర్దించండి, రైతు మళ్లీ నీరు నిలుపుకోవాలి కదా. ఆపైన మనుషుల్ని లెక్కపెట్టి, ఎర్త్ రాడ్లు ఎన్ని వేశామో అన్నీ తీశామా చూసుకుని, అప్పుడు ఎల్‌సీ రిటర్న్ చెయ్యండి.