గిటారా, పియానోనా? మొదటి నెల చూసి తేల్చేయకండి

కొత్తగా వాద్యం మొదలుపెట్టేవాళ్లకు ఒక్క మాట. పియానో మొదట్లో తేలిక, గిటార్ మొదట్లో కష్టం. కొన్ని నెలలు గడిచాక ఇది చాలావరకు తారుమారవుతుంది.

పియానో మీట నొక్కితే చాలు, స్వరం శుద్ధంగా పలుకుతుంది. గిటార్ అలా కాదు. స్టీల్ తీగలు వేలికొనల్లో దిగబడి ఎర్రటి గీతలు పడతాయి. చర్మం గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ మంటకే చాలామంది గిటార్‌ని మూలన పెట్టేస్తారు, నాకు బాధగా ఉండేది అక్కడే. నైలాన్ తీగల గిటార్‌తో మొదలుపెట్టండి, లేదా షాపులో తీగల ఎత్తు తగ్గించమని అడగండి. వేలిని రెండు ఫ్రెట్ల (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) నడిమధ్య కాకుండా, గిటార్ బాడీ వైపున్న కడ్డీకి దాదాపు ఆనించి పెట్టండి. తక్కువ బలంతోనే స్వరం స్పష్టంగా వస్తుంది. ఎఫ్ (F) కార్డ్, అంటే ఒకేసారి పలికించే స్వరాల గుంపు, దగ్గర ఆగిపోయారా? చూపుడువేలితో ఆరు తీగలూ నొక్కక్కర్లేదు. సన్నటి వైపు నాలుగు తీగలతో చిన్న ఎఫ్ వాయించండి, పాట హాయిగా నడుస్తుంది.

పియానోకి అసలు పరీక్ష రెండు చేతులూ కలిపినప్పుడు. ఎడమ చెయ్యి తన పని మర్చిపోయి కుడి చేతి వెంట పరుగెడుతుంది! ఒక్కో చెయ్యీ విడిగా, చూడకుండా వాయించగలిగేదాకా కలపకండి. కలిపేటప్పుడు మెట్రోనోమ్ (లయ కోసం టిక్‌టిక్‌మనే పరికరం) నిమిషానికి 50 దెబ్బల దగ్గర పెట్టి, రెండేసి బార్లు (తాళపు ఆవర్తనాల్లాంటి చిన్న భాగాలు) మాత్రమే తీసుకోండి.

నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చదవడం మాత్రం పియానో మీదే సులువు. అక్కడ ఒక్కో స్వరానికి ఒకటే మీట. గిటార్‌లో మొదటి తీగ (అన్నిటికన్నా సన్నటిది) ఖాళీగా మీటితే వచ్చే ‘ఈ’ (E) స్వరమే రెండో తీగ 5వ ఫ్రెట్‌లోనూ, మూడో తీగ 9వ ఫ్రెట్‌లోనూ ఉంటుంది.