ఆయిల్ మూత పోయిందా? ఆ గుడ్డ మాత్రం కుక్కకండి

మొన్న మంగళవారం పొద్దున మా మెకానిక్ షెడ్డుకి ఒక చిన్న కారును తాడు కట్టి లాక్కొచ్చారు. హైదరాబాద్ నుంచి భీమవరం పోతున్న కుటుంబం. దూర ప్రయాణం కదా అని ముందు రోజు సాయంత్రమే సర్వీసింగ్ చేయించారట. నకిరేకల్ దగ్గరికొచ్చేసరికి కారు లోపలికి మాడు వాసన. టీ కొట్టు దగ్గర ఆపి బానెట్ ఎత్తితే, ఇంజన్ మీద ఆయిల్ పోసే చోట మూత లేదు. చుట్టూ ఆయిల్ చిమ్మి నల్లగా ఉంది. అక్కడున్న పెద్దమనిషి ఒకాయన "ఏం కాదు సార్, గుడ్డ పెట్టుకొని సూర్యాపేట దాకా పోండి, అక్కడ మూత దొరుకుతది" అని తన భుజం మీది తువ్వాలే తీసిచ్చాడట. ఆయన మంచి మనసుతోనే ఇచ్చాడు. ఇంజన్ మాత్రం ఆ తువ్వాలుతోనే పోయింది.

కొర్లపహాడ్ టోల్‌గేట్ లైన్లో నిలబడ్డప్పుడు ఆయిల్ లైటు ఒకసారి మిణుక్కుమంది. సెన్సార్ తేడా అనుకున్నారు. ఇంకొంత దూరం పోయాక ఇంజన్ పైనుంచి టకటకా శబ్దం మొదలైంది. అప్పుడు ఆపారు.

ఇంజన్ పైన ఉండే టాపెట్ కవర్ విప్పాను. తువ్వాలు సగం బయట ఉంది, సగం లేదు. ఆకుపచ్చ అంచు దారం టైమింగ్ చైన్ పళ్ల చుట్టూ గాలిపటం దారంలా చుట్టుకుని ఉంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ దించితే, ఆయిల్ పీల్చే జాలీకి పీచు పట్టేసింది, టీ వడగట్టే గంటెకి మీగడ పట్టినట్టు. పంపుకి ఆయిల్ అందలేదు, క్యామ్ (ఇంజన్ పైభాగంలో తిరుగుతూ వాల్వులు తెరిచే కడ్డీ) గీతలు పడింది. గోరు పెట్టి లాగితే తగులుతున్నాయి ఆ గీతలు. కొత్త మూత 250 రూపాయలు. మిగతా బిల్లు 62 వేలు దాటింది.

సంక్రాంతి వారం మా హైవే మీద ఇలాంటివి ఏటా చూస్తాను. టైర్లలో గాలి చూసుకోండి, డీజిల్ కొట్టించుకోండి అని చెప్పడానికి ఇది రాయట్లేదు. అవి మీకూ తెలుసు. ఈ మూత సంగతే చెప్తాను.

అసలు మూత ఎలా పోతుంది

దానంతటది ఊడిపడటం తక్కువ. ఎవరో తీసి పెట్టడం మర్చిపోతారు. పండగ ముందు సర్వీసింగ్ సెంటర్లలో ఒక్కో కుర్రాడి మీద నాలుగైదు బళ్లు ఉంటాయి. ఆయిల్ పోస్తూ మూత తీసి బ్యాటరీ మీద పెడతాడు, ఫోను వస్తుంది, ఇంకొకడు వచ్చి బానెట్ వేసేస్తాడు. నా దగ్గర పనిచేసిన పిల్లలు కూడా చేశారు ఈ పని. అందుకే మా షెడ్డులో ఒక పద్ధతి పెట్టాను. మూత తీసినవాడు బండి తాళం, మూత రెండూ ఒకే జేబులో వేసుకోవాలి. మూత పెట్టందే తాళం బయటికి రాదు.

రెండో సందర్భం సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు. బ్యాక్ కంప్రెషన్ ఉందేమో, అంటే లోపలి పొగ పైకి తన్నుతోందేమో అని ఇంజన్ ఆన్ చేసి మూత తీసి పొగ చూస్తారు కదా, బేరంలో పడి మూత అక్కడే వదిలేస్తారు. కొన్న ఆనందంలో బండి ఇంటికి తోలుకుపోతారు.

మూడోది రబ్బరు వాషర్ గట్టిపడటం. మూత ఉంటుంది కానీ బిగియదు. మూత చుట్టూ తడిగా, దాని మీద దుమ్ము పేరుకుని ఉంటే అదే అర్థం. వాషర్ మార్చుకోండి, లేదా మూతే మార్చండి.

బయల్దేరే ముందు

సర్వీసింగ్ సెంటర్ గేటు దాటకముందే బానెట్ మీరే ఎత్తి చూడండి. సిగ్గుపడొద్దు. మూత మీద చెయ్యి వేసి తిప్పండి. కొన్నిటికి మర ఉంటుంది, కొన్నిటికి పావు తిప్పుడుకే లాక్ పడుతుంది. లాక్ పడిన ఫీల్ వేలికి తెలియాలి. కొన్ని బళ్లలో ఇంజన్ మీద ప్లాస్టిక్ కవర్ ఉండి మూత సగమే కనపడుతుంది, అలాంటివి ఇంకా జాగ్రత్తగా చూడాలి.

వాటర్ సర్వీసింగ్ చేయించేవాళ్లు బానెట్ లోపల ప్రెషర్ గన్ కొట్టించే ముందు కూడా ఇదే చూడాలి. మూత లేని నోట్లో నీళ్లు పడితే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారుతుంది. ఆ ఆయిల్‌తో ఇంజన్ స్టార్ట్ చేయకూడదు, మొత్తం దించి కొత్తది పోయాల్సిందే. చలికాలంలో మూత లోపలివైపు కాస్త తెల్లటి నురగ కనపడితే మాత్రం కంగారు పడకండి. రోజూ దగ్గర దూరాలే తిరిగే బళ్లకు తేమ చేరి అలా అవుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) మీద కూడా తెల్లగా ఉంటేనే టెన్షన్ పడాలి.

దారిలో తెలిస్తే

ఎలా తెలుస్తుందంటే, ముందు వాసన. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడో టోల్ లైన్లోనో ఏసీ గుండా మాడిన ఆయిల్ వాసన లోపలికొస్తుంది, ఎందుకంటే గాలి పీల్చే జాలీ బానెట్ వెనకే ఉంటుంది. తర్వాత బానెట్ సందుల్లోంచి సన్నగా పొగ. పెట్రోల్ బండైతే ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నడక) ఎగిరెగిరి పడొచ్చు, చెక్ ఇంజన్ లైటు రావచ్చు. లెక్కలో లేని గాలి ఆ రంధ్రం గుండా లోపలికి పోతుంది కాబట్టి.

అసలు ప్రమాదం ఎక్కడుందో చెప్తాను. మూత కిందే క్యామ్ తిరుగుతుంటుంది, అది ఆయిల్‌ను చిలికినట్టు పైకి కొడుతుంది. ఆ ఆయిల్ వెళ్లి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టం) మీద పడుతుంది. లోడ్ మీద నడిచిన బండికి అది కొన్ని వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. పొగతో ఆగితే అదృష్టం, మంట కూడా రావచ్చు. ఇంకొంత ఆయిల్ ఫ్యాన్ బెల్ట్ మీద పడి బెల్ట్ జారుతుంది. చిన్న కారులో మొత్తం ఆయిలే మూడు మూడున్నర లీటర్లు, డిప్‌స్టిక్ మీద పై గీతకీ కింది గీతకీ మధ్య ఉండేది సుమారు ఒక లీటరు. అది చిమ్మిపోవడానికి వందల కిలోమీటర్లు అక్కర్లేదు.

కాబట్టి ఎడమ పక్కకి తీసి, హజార్డ్ లైట్లు వేసి, ఇంజన్ ఆపేయండి. పిల్లల్ని రోడ్డు వైపు కాకుండా దించండి. పొగ ఎక్కువగా ఉంటే బానెట్ ఎత్తొద్దు. అరగంట ఆగాక మూత కోసం వెతకండి. చాలాసార్లు అది బండిలోనే ఉంటుంది. బ్యాటరీ పక్కన, వైపర్ల కింద గాడిలో, రేడియేటర్ వెనక సందులో, ఇంజన్ కింది ప్లాస్టిక్ షీల్డ్ మీద. ఫోన్ టార్చ్ వేసి చూడండి. బెల్ట్ దగ్గర ఇరుక్కుందేమో కూడా చూడండి, అక్కడుంటే స్టార్ట్ చేయగానే బెల్ట్ తెగుతుంది.

దొరకలేదు. అప్పుడు చెయ్యి దానంతటదే డిక్కీలోని పాత బనియన్ మీదికి పోతుంది. వద్దు. గుడ్డ కుక్కకండి. గుడ్డ ఎందుకు వద్దో ఒకసారి వివరంగా చెప్తాను, ఎందుకంటే మనుషులు మాట విననిది ఇక్కడే. ఇంజన్ నడుస్తున్నప్పుడు లోపల సన్నటి పీల్పు ఉంటుంది, పైగా వణుకు. గుడ్డ ఆయిల్ పీల్చి మెత్తబడి కొద్దికొద్దిగా లోపలికి జారుతుంది. కొన్ని ఇంజన్లలో మూత కింద రేకు అడ్డం ఉంటుంది, అక్కడ ఆగొచ్చు. రేకు లేని వాటిలో క్యామ్ అందుకుంటుంది. అందుకున్నాక మీకు తెలియదు, బండి నడుస్తూనే ఉంటుంది, పీచు కిందికి దిగుతూ ఉంటుంది. బయట మిగిలిన సగం ఆయిల్ తాగిన వత్తి. కింద మానిఫోల్డ్. దీపం కథ మీకు నేను చెప్పక్కర్లేదు.

"బాగా బిగించి కుక్కాం అన్నా, కదలదు" అంటారు. మొన్నటి తువ్వాలు కూడా బాగా బిగించే కుక్కారు.

ఇక వరసగా చెప్తాను, గుర్తున్నంత వరకు.

పాలిథిన్ కవర్ రబ్బరు బ్యాండుతో కట్టడం వద్దు, వేడికి కరిగి లోపలికి కారుతుంది.

టేపు వద్దు. ఆయిల్ మీద టేపు అంటుకోదు.

వాటర్ బాటిల్ మూత, చెక్కముక్క, పేపర్ ఉండ, లోపల పడే సైజున్నది ఏదీ వద్దు. ఒకాయన కొబ్బరిచిప్ప పెట్టుకొచ్చాడు, దానికి కనీసం రంధ్రం కంటే పెద్దగా ఉండే తెలివైనా ఉంది.

ఇంకొక బండి మూత తెచ్చి బలవంతంగా తిప్పొద్దు. మరలు వేరు. టాపెట్ కవర్ ప్లాస్టిక్‌దైతే పగులుతుంది.

టోయింగ్‌కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద 1033. మీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూడండి, చాలామందికి ఉన్నట్టే తెలియదు.

టోయింగ్ రాని చోట ఇరుక్కుంటే, దగ్గర్లో ఊరుంటే, ఒకరు ఆటోలో పోయి మూత తేవాలి. బండి పోకూడదు, మనిషి పోవాలి. బండి మోడల్, సంవత్సరం, పెట్రోలా డీజిలా రాసుకుని పొండి, ఇంజన్ మీద మూత ఉండే చోటు ఫోటో తీసుకోండి. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే దొరకని మూత ఉండదు. చిన్న ఊళ్లలో మారుతి, హ్యుందాయ్‌లకి దొరుకుతుంది, మిగతావాటికి అదృష్టం.

రాత్రివేళ, పిల్లలతో, ఎవరూ దొరకక, బండిని పక్క బంకు వరకైనా కదపాల్సి వస్తే: వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఏడెనిమిది మడతలు వేసి, రంధ్రం కంటే బాగా పెద్దగా, పైనుంచి కప్పి, ఆయిల్ పోసే నోటి మెడ బయటికి ఉంటే దాని చుట్టూ ఇనుప తీగ బిగించి, ఒకటి రెండు కిలోమీటర్లు మెల్లగా. మెడ బయటికి లేని బండికి ఇది కుదరదు. ఇది కూడా నాకిష్టం లేకుండానే రాస్తున్నాను.

ఎర్రగా ఆయిల్ లైటు వెలిగిందా, అక్కడే ఆపేయాలి. అది ఆయిల్ తగ్గిందని ముందుగా చెప్పే లైటు కాదు, ప్రెషర్ పడిపోయిందని చెప్పే లైటు. సెన్సార్ తేడా అని మీరు తేల్చొద్దు.

"ఇంకో పది కిలోమీటర్లేగా" అనొద్దు.

మంట కనపడితే నీళ్లు పోయొద్దు. ఆయిల్ మంట నీళ్లకి పాకుతుంది. బానెట్ పూర్తిగా లేపొద్దు, గాలి తగిలి ఎగుస్తుంది. మంట ఆర్పే పౌడర్ సిలిండర్ ఉంటే సందులోంచి కొట్టండి. లేకపోతే సామాన్లు వదిలేసి దూరం జరగండి, 101కి ఫోన్ చేయండి. పిండివంటల డబ్బాల కోసం వెనక్కి పోవద్దు.

వేడి ఇంజన్ మీద చన్నీళ్లు కొట్టి ఆయిల్ కడగొద్దు. చల్లారాక తుడవండి. తుడిచిన గుడ్డ బానెట్ లోపల మర్చిపోవద్దు. అది కూడా గుడ్డే.

బానెట్ లోపలి మెత్త ఆయిల్ పీల్చి ఉంటే తీసేయండి.

మూత పెట్టాక డిప్‌స్టిక్ చూసి పావు లీటరు చొప్పున పోయండి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. పై గీత దాటించొద్దు. మూత లేకుండా మట్టిరోడ్డు మీదో వానలోనో తిరిగి ఉంటే టాపప్ సరిపోదు, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి.

గుడ్డ ఇప్పటికే కుక్కి ఉంటే స్టార్ట్ చేయకండి. మెల్లగా బయటికి తీసి, పరిచి, అంచులు నాలుగూ ఉన్నాయో లేదో చూడండి. ఒక మూల తక్కువున్నా ఇంజన్ తిప్పొద్దు. లాక్కొచ్చేయండి, విప్పి తీద్దాం. స్టార్ట్ చేయకుండా తెచ్చినవాళ్లకి నేను ఇప్పటిదాకా రెండు వేలకి మించి బిల్లు వేయలేదు.

మూత పెట్టుకుని బయల్దేరాక కాసేపు పొగ వస్తుంది, మానిఫోల్డ్ మీది ఆయిల్ మాడి పోవాలి కదా. 50 కిలోమీటర్లకి ఆపి, చల్లారాక మళ్లీ డిప్‌స్టిక్ చూడండి. ఈ దారిన పోయేవాళ్లు మా షెడ్డు ముందు ఆపి చూసుకుంటే డబ్బులేం తీసుకోను. భోగి ముందు రోజు వరకు తెల్లవారుజామున ఐదింటికే తెరుస్తున్నాను.