రోడ్ రేసుకు బండి సిద్ధం చేయడం: గోదావరి తేమ నుంచి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ దాకా

భీమవరంలోనో, అమలాపురంలోనో, రాజమండ్రిలోనో షెడ్డులో తయారైన మోటార్‌సైకిల్ రేసుకు వెళ్లేది ఎక్కువగా చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కే. 1990లో మొదలైన ఆ ట్రాక్ చుట్టు 3.717 కిలోమీటర్లు. అక్కడ ప్రాక్టీసుకు దొరికే టైము కొంచెమే. ఆ కాస్తా బ్రేకులు బ్లీడు చేయడానికీ (గొట్టాల్లోని గాలి తీయడానికీ), వైరింగు వెతకడానికీ పోతే రైడరు ట్రాక్ నేర్చుకునేదెప్పుడు? ఇక్కడ చేయగలిగిన పనంతా ఇక్కడే ముగించాలి.

పనుల వరస తప్పకూడదు. ముందు ఇంజను, బ్రేకులు, బేరింగులు చూడండి. తర్వాత లైట్లు, అద్దాలు, నంబరు ప్లేటు ఉండగానే మామూలు స్పీడులో ఒక వంద కిలోమీటర్లు తిప్పి, ఆయిలు కారుతోందా, కొత్త చప్పుడేమైనా వస్తోందా గమనించండి. లైట్లు, స్టాండు, శారీ గార్డు విప్పడం ఆ తర్వాతే. విప్పిన బండిని మళ్లీ రోడ్డెక్కించడం చట్టవిరుద్ధం, పైగా ప్రాణం మీదికి తెస్తుంది. కోతలప్పుడు తారురోడ్డు సగం దాకా ధాన్యం ఆరబోస్తారు, చేపల లారీల నుంచి నీళ్లు కారుతుంటాయి, కాలువ గట్టు మలుపులో ఎదుటి మనిషి కనిపించడు. టాప్ స్పీడు పరీక్ష ట్రాక్ మీదే.

మన డెల్టాలో బండికి అసలు శత్రువు తేమ. అన్నిటికన్నా ముందు దెబ్బ తినేది బ్రేక్ ఫ్లూయిడ్. డాట్ 4 అనే రకం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీళ్లు పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. స్ట్రెయిట్ చివర గట్టిగా బ్రేకు పట్టినప్పుడు కాలిపర్‌లో (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగంలో) ఆ నీరు ఆవిరైతే లివరు నేరుగా గ్రిప్పుకు తగులుతుంది. అందుకే మూత తీసి దాచిన సీసా వాడకండి, సీలున్నది కొనండి. లివరు పక్కనుండే మాస్టర్ సిలిండరులో పాతది తోడేసి కొత్తది పోయండి. కాలిపర్ మీది నిపిలుకు సన్న ట్యూబు తగిలించి, లివరు మెల్లగా నొక్కి పట్టుకుని, నిపిలు పావు చుట్టు వదలండి. దాన్ని బిగించాకే లివరు వదలాలి, లేకపోతే గాలి వెనక్కి లాగేస్తుంది. బుడగలు ఆగి, రంగు తేటపడేదాకా ఇదే పని. రాత్రికి లివరును గ్రిప్పుకు కట్టి ఉంచితే మిగిలిన చిన్న బుడగలు చాలావరకు పైకొస్తాయి. ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్లను తుడవకుండా లోపలికి నెట్టకండి. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగిన బండ్లకు పిస్టన్ అంచున ఉప్పు పేరుకుంటుంది, అది సీలును గీరేస్తుంది.

వైరింగు కనెక్టర్లన్నీ విప్పి చూడండి. పచ్చటి చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనరుతో కడిగి, ఆరాక డైఎలెక్ట్రిక్ గ్రీజు రాయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు కూడా తేమ పీలుస్తుంది. వానాకాలమంతా ఆగిన బండిలోదైతే గాజు సీసాలో పట్టి గంట ఉంచండి, అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు, కార్బురేటరు ఫ్లోట్ బౌలు రెండూ ఖాళీ చేయాలి.

వాల్వులను నొక్కే ట్యాపెట్లు రాత్రంతా చల్లారిన ఇంజనులోనే, మాన్యువల్ చెప్పిన సందుకు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులతో) పెట్టండి. చప్పుడు లేదని సంతోషించకండి: మరీ బిగుతైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.

డ్రెయిన్ బోల్టు, ఆయిలు మూత, ఫిల్టరు కవరు బోల్టులకు లాక్ వైరు (ఊడిపోకుండా కట్టే తీగ) తప్పనిసరి అనుకోండి. బోల్టు తలకు 1.5 మిల్లీమీటర్ల రంధ్రం, 0.8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తీగ చాలు. తీగ లాగే దిశ బోల్టు బిగిసే వైపు ఉండాలి, రివర్సులో కడితే కట్టనట్టే. రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లు బిట్టుకు నూనె తగిలిస్తూ నెమ్మదిగా తిప్పండి, తొందరపడితే బిట్టు లోపలే విరుగుతుంది. నీళ్లతో చల్లబడే ఇంజనైతే కూలెంటు తీసేసి డిస్టిల్డ్ వాటర్ పోయండి, కూలెంటులోని గ్లైకాల్ ట్రాక్ మీద పడితే వెనకొచ్చేవాళ్లు జారతారు. లివరు చివరి గుండు వ్యాసం 16 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది అంతర్జాతీయ నిబంధన. మిగతావి ఆ రేసు నిబంధనల పత్రంలో చదివి, స్క్రూటినీకి (రేసుకు ముందు అధికారుల తనిఖీకి) ముందే ఒక్కొక్కటీ సరిచూసుకోండి.

చెయిను లూజు ఒక్కచోట కొలిస్తే సరిపోదు. చక్రం తిప్పుతూ బాగా బిగిసిన చోటు పట్టుకుని అక్కడ సెట్ చేయండి. సస్పెన్షన్ ఎంత కుంగుతుందో చూడటానికి ముగ్గురు కావాలి: ఒకరు బండి పట్టుకోవాలి, రైడరు సూటు, హెల్మెట్‌తో కూర్చోవాలి, మూడోవారు కొలవాలి. చక్రం గాల్లో ఉన్నప్పటి కొలతకూ రైడరు కూర్చున్నాక కొలతకూ తేడా 30 నుంచి 35 మిల్లీమీటర్లుంటే మంచి మొదలు.

కార్బురేటరు బండికి ఇక్కడ కుదిరిన జెట్టు (పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రపు ముక్క) ఇరుంగట్టుకోట్టైలోనూ దాదాపు కుదురుతుంది, రెండూ సముద్రానికి దగ్గరి పల్లపు నేలలే. కోయంబత్తూరులోని కారి ట్రాక్ సుమారు 400 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పలచన కాబట్టి మిక్చరు కాస్త రిచ్ అవుతుంది, అంటే పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. ఒక సైజు చిన్న జెట్టు వెంట ఉంచుకోండి.

బండిని లారీలో కట్టేటప్పుడు బెల్టులు హ్యాండిలుకు కాక కింది యోక్‌కు (ముందు ఫోర్కులను పట్టి ఉంచే దిమ్మకు) వేయండి. దించాక యాక్సిల్, కాలిపర్ బోల్టులను టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి.

ట్రాక్ మీద మొదటి సెషన్‌లో నాలుగు ల్యాపులు నిదానంగా తిప్పండి, కొత్త ప్యాడ్లు, టైర్లు కుదురుకోవాలి. పిట్‌లోకి రాగానే, చల్లారకముందే టైరు గాలి కొలవండి. టైరు పది డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర పీఎస్‌ఐ దాకా పెరుగుతుంది కాబట్టి పొద్దుటి కొలతతో మధ్యాహ్నం నడపలేరు. సెషన్‌కు ఒక్క మార్పే చేయండి, సస్పెన్షన్ స్క్రూల క్లిక్కులు, గాలి, ల్యాపు టైము నోటుబుక్కులో రాయండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

పెట్రోలు లెక్క చివరి ప్రాక్టీసులో తేల్చుకోండి. ట్యాంకు నింపి, రేసు స్పీడులో ఐదు ల్యాపులు వెళ్లి, కొలత జాడీతో తిరిగి నింపి చూడండి. ల్యాపుకు పడిన మిల్లీలీటర్లను రేసు ల్యాపులతో హెచ్చవేసి, వార్మప్ ల్యాపు, తిరిగొచ్చే ల్యాపు కలిపి, మీద ఒక లీటరు పోయండి.