కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లీకుకు తాత్కాలిక అతుకు వేసే ముందు జాగ్రత్తలు

ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. బండి ఆపి కనీసం గంట ఆగండి. రేడియేటర్ పై హోస్ (రబ్బరు పైపు) చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా ఉండాలి. అప్పుడే మందపాటి గుడ్డ వేసి మూత మెల్లగా తిప్పండి. లోపల ప్రెజర్ ఉంటే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

లీకు ఎక్కడో ముందు చూడండి. చాలాసార్లు హోస్ క్లిప్ వదులై ఉంటుంది, స్క్రూ డ్రైవర్‌తో బిగిస్తే సరిపోతుంది. హోస్ చీలితే తడి తుడిచి, సిలికాన్ టేపు సాగదీసి చుట్టండి. ప్లాస్టిక్ ట్యాంకు పగులుకైతే ఎంసీల్ (రెండు ముద్దలు కలిపి పూసే జిగురు) వేయండి, అది పూర్తిగా గట్టిపడ్డాకే నీళ్లు పోయాలి.

పాత డ్రైవర్లు రేడియేటర్‌లో పసుపు పోస్తారు. సన్న చిల్లు ఆగొచ్చు కానీ రేడియేటర్ లోపలి సన్న గొట్టాలు పూడుకుపోతాయి, నేనైతే వద్దంటాను.

కారిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, ఆవులు నాకకముందే కడిగేయండి.

ఇంజిన్ ఆయిల్ పాల టీ రంగులోకి మారినా, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తున్నా అతుకు పనిచేయదు, మెకానిక్ దగ్గరికి లాక్కెళ్లాల్సిందే.

అతుకేసిన బండితో అలిపిరి దాటి తిరుమల ఘాట్ ఎక్కకండి. ఎక్కుడులో ఇంజిన్ ఎంత వేడెక్కుతుందో తెలుసుగా, కొండకు బస్సులో వెళ్లండి.