క్లాస్ బ్లాగ్ మొరాయిస్తోందా? లెక్చరర్ల కోసం సమస్య - పరిష్కారం

స్టూడెంట్స్‌తో క్లాస్ బ్లాగ్ రాయించేటప్పుడు వచ్చే ఇబ్బందులు రెండు రకాలు. కొన్ని సెట్టింగ్స్‌లో ఉంటాయి, అయిదు నిమిషాల్లో తేలిపోతాయి. మిగతావి చూస్తే "వీళ్లకి ఇంట్రెస్ట్ లేదు" అనిపిస్తుంది. వాటిలో చాలావరకు మనం పని అప్పజెప్పిన తీరులోనే ఉంటాయి. ముందు తేలికవి కానిచ్చేసి అసలు వాటి దగ్గరకు వద్దాం. వర్డ్‌ప్రెస్, బ్లాగర్ రెండూ ఉచితంగా దొరుకుతాయి కాబట్టి ఉదాహరణలు వాటి నుంచే ఇస్తున్నాను.

## "మేడమ్, పబ్లిష్ బటన్ రావట్లేదు"

వర్డ్‌ప్రెస్‌లో అయితే ముందు ఆ స్టూడెంట్‌కి ఏ రోల్ ఇచ్చారో చూడండి. కంట్రిబ్యూటర్‌గా చేర్చినవాళ్లు డ్రాఫ్ట్ రాసి రివ్యూకి పంపగలరు, అంతే. సొంతంగా పబ్లిష్ చేయలేరు. మీరు పబ్లిష్ చేశాక తమ పోస్టునే తాము దిద్దుకోలేరు. ఫొటోలు అప్‌లోడ్ చేయడం కూడా కుదరదు. ఈ చివరిది తెలియక "ఫొటో ఎక్కట్లేదు" అన్న ఫిర్యాదును నెట్ మీదకు నెట్టేస్తుంటారు.

ఆథర్ రోల్ ఇస్తే ఇవన్నీ తీరతాయి, ఇతరుల పోస్టుల జోలికి మాత్రం పోలేరు. ఎడిటర్ రోల్ ఉన్నవాళ్లు అందరి పోస్టులూ మార్చగలరు, తీసేయగలరు. ఆ వారం ఎడిటింగ్ బాధ్యత ఉన్న ఒకరిద్దరికి తప్ప అది ఇవ్వొద్దు. మొదటి పోస్ట్ వరకు అందరినీ కంట్రిబ్యూటర్లుగా ఉంచి, తర్వాత ఆథర్లుగా మార్చడం మంచిది. ప్రతి పోస్టూ మీరు చూశాకే వెళ్లాలని పట్టుబడితే, రెండో వారానికల్లా మీ దగ్గరే పోస్టులు పేరుకుపోతాయి.

బ్లాగర్‌లో ఒక బ్లాగ్‌కి 100 మంది వరకు సభ్యులు ఉండొచ్చు. అక్కడ వచ్చే చిక్కు వేరే: ఒక గూగుల్ అకౌంట్‌తో ఆహ్వానం ఒప్పుకుంటారు, ఇంకో అకౌంట్‌తో లాగిన్ అయి "బ్లాగ్ కనపడట్లేదు సార్" అంటారు. ఏ మెయిల్‌తో చేరారో ముందే ఒక షీట్‌లో రాయించి పెట్టుకోండి.

## అక్షరాలు చిందరవందరగా ఉన్నాయి, లింక్ చాంతాడంత ఉంది

ఒక పేరా పెద్దగా, ఇంకో పేరా చిన్నగా, మధ్యలో బూడిదరంగు అక్షరాలు ఉంటే వర్డ్ ఫైల్ నుంచో వాట్సాప్ నుంచో ఫార్మాటింగ్‌తో సహా తెచ్చి అతికించారన్నమాట. కంప్యూటర్ బ్రౌజర్లో కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కితే చాలావరకు వట్టి టెక్స్ట్ మాత్రమే వస్తుంది.

తెలుగు పోస్టంతా అర్థంకాని గుర్తులుగా కనిపిస్తే కారణం వేరు. అది అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన టెక్స్ట్. అన్ని ఫోన్లలో, కంప్యూటర్లలో చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతుంటాయి, మార్చాక ఒకసారి చదివి తీరాలి. కొత్తగా రాసేది మొదటి నుంచీ యూనికోడ్‌లోనే రాయించండి.

తెలుగు శీర్షిక పెడితే లింక్ నిండా పర్సెంట్ గుర్తులు రావడం కూడా తప్పేమీ కాదు. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తు మూడు బైట్లు. లింక్‌లో ఒక్కో బైట్ మూడు గుర్తులుగా మారుతుంది. అంటే 'కథ' అన్న చిన్న మాటకే 18 గుర్తులు. బ్లాగర్ అయితే తెలుగు శీర్షికను లింక్‌లోకి తీసుకోకుండా బ్లాగ్-పోస్ట్ అని ఏదో ఒక అంకెతో పెట్టేస్తుంది. రెండింటికీ మందు ఒకటే: పబ్లిష్ చేసే ముందు పర్మాలింక్ పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలతో రెండు మూడు మాటలు రాయాలి. పబ్లిష్ అయ్యాక మారిస్తే అప్పటికే పంచుకున్న లింకులు పనిచేయకపోవచ్చు.

పోస్ట్ పెట్టిన టైమ్ కొన్ని గంటలు తేడాగా చూపిస్తుంటే వర్డ్‌ప్రెస్ జనరల్ సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ యూటీసీగానే (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉండిపోయి ఉంటుంది. గడువు గురించి వాదన మొదలవ్వకముందే సరిచేయండి.

## పోస్టులన్నీ పరీక్ష జవాబుల్లా ఉన్నాయి

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. మొదటి పేరాలో నిర్వచనం, రెండో పేరాలో ప్రాముఖ్యత, తర్వాత లాభాలు, నష్టాలు, చివర "కావున". చదువుతుంటే పేపర్లు దిద్దుతున్నట్టే ఉంటుంది.

పిల్లలకు రాయడం రాక కాదు. ఇన్నేళ్లూ వాళ్లు రాసినదాన్ని చదివింది ఒక్క మనిషే, ఆ మనిషికి విషయం ముందే తెలుసు. నాకూ తెలుసని నిరూపించుకోవడానికే రాశారు. బ్లాగ్‌లో తెలియనివాళ్లకు చెప్పాలి. ఈ సంగతి క్లాసులో నోటితో చెబితే తలూపుతారు, ఇంటికెళ్లి మళ్లీ అలాగే రాస్తారు. కాబట్టి మార్చాల్సింది టాపిక్‌ని.

"నీటి కాలుష్యం: కారణాలు" అని ఇస్తే వచ్చేది జవాబు పత్రమే. "ఒకే నీటికి మన ల్యాబ్‌లో రెండుసార్లు రెండు రకాల పీహెచ్ రీడింగ్ ఎందుకు వచ్చింది?" అని అడిగి చూడండి. "ద్రవ్యోల్బణం" బదులు "మీ ఇంటి సరుకుల పాత బిల్లు, ఈ నెల బిల్లు పక్కపక్కన పెడితే ఏం కనిపించింది?" అనండి. ఇలాంటి ప్రశ్నకు గైడ్ పుస్తకంలో జవాబు దొరకదు. తమ దగ్గరున్న సమాచారం గురించే రాయాలి కాబట్టి భాష కూడా దానంతటదే నేల మీదకు దిగుతుంది.

రెండోది, చదివేదెవరో చెప్పండి. "వచ్చే ఏడాది ఇదే కోర్సులో చేరే జూనియర్ కోసం" అన్న ఒక్క ముక్క వల్ల ఏది విడమరచాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడం సులువవుతుంది. మూడోది కాస్త మొరటు రూల్: నిర్వచనంతో మొదలుపెట్టకూడదు. బాగానే పనిచేస్తుంది.

ఇవేవీ పట్టకపోతే, మొదటి డ్రాఫ్టుల నుంచి మొదటి వాక్యాలను పేర్లు తీసేసి స్క్రీన్ మీద వరుసగా చూపించండి. ఏది చదివాక రెండో వాక్యానికి వెళ్తారో చేతులెత్తమనండి. తమ వాక్యానికి ఒక్క చెయ్యీ లేవకపోతే మీరేమీ చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట. వెయ్యి పదాలు ఉండాలని పెట్టకండి. చెప్పాల్సింది అయిపోయాక మిగిలిన నాలుగొందల పదాలూ ఊకదంపుడే అవుతాయి. మొదటిసారి రాసేవాళ్లకు మూడు నుంచి అయిదు వందలు చాలు.

## అన్నీ గడువు ఆఖరి రాత్రే వచ్చాయి

అందరికీ ఒకటే తేదీ ఇస్తే అంతే. ఆ రాత్రి వచ్చినవాటిని రాసినవాళ్లు తప్ప ఎవరూ చదవరు, మీరు కూడా సగమే చదువుతారు. క్లాసును మూడు జట్లు చేయండి. ఒక వారం ఒక జట్టు రాస్తుంది, ఒకటి కామెంట్లు పెడుతుంది, ఒకటి డ్రాఫ్టులు దిద్దుతుంది. వచ్చే వారం పనులు మారతాయి. 45 మంది ఉన్న క్లాసులో వారానికి 15 పోస్టులే అవుతాయి, అన్నీ చదవగలిగినన్నే. డ్రాఫ్ట్ తేదీ వేరు, పబ్లిష్ తేదీ వేరు పెట్టండి. డ్రాఫ్ట్‌కి కొద్దిగానైనా మార్కులు లేకపోతే ఆ తేదీని ఎవరూ ఖాతరు చేయరు.

## కామెంట్లలో "గుడ్ పోస్ట్", "సూపర్ రా" తప్ప ఏమీ లేవు

"ఒక్కొక్కరు రెండు కామెంట్లు పెట్టాలి" అని లెక్క పెట్టాం, వాళ్లు లెక్క అప్పజెప్పారు. లెక్క బదులు షరతు పెట్టండి. పోస్టులోంచి ఒక వాక్యం ఎత్తిచూపాలి. దానికి ఒక ఉదాహరణ జోడించాలి, లేదా ఒప్పుకోనంటూ కారణం చెప్పాలి, లేదా నిజంగా జవాబు కావాల్సిన ప్రశ్న అడగాలి. పోస్ట్ రాసినవాళ్లు కనీసం ఒకదానికి జవాబివ్వాలి, మార్కుల్లో దానికీ వాటా ఉండాలి. జవాబు వస్తుందని తెలిస్తేనే అడిగేవాళ్లు అడుగుతారు.

మీరు మాత్రం ఆలస్యంగా రండి. లెక్చరర్ ముందే కామెంట్ పెడితే చర్చ అక్కడితో సరి, మిగతావన్నీ "మేడమ్ చెప్పినట్టు" అనే మొదలవుతాయి.

కామెంట్లలో లోన్లు, లాటరీల ప్రకటనలు వస్తుంటే అది స్పామ్. వర్డ్‌ప్రెస్‌లో అకిస్మెట్ అనే స్పామ్ ఫిల్టర్ ఆన్ చేసి, మొదటి కామెంట్ మీరు ఆమోదించాకే కనిపించేలా పెట్టండి.

## రాసింది తనది కాదేమోనని అనుమానం

మక్కీకి మక్కీ నకలైతే పట్టుకోవడం సులువు. అనుమానం వచ్చిన వాక్యాన్ని కోట్స్‌లో పెట్టి వెతికితే మూలం బయటపడుతుంది. ఏఐతో రాయించినదైతే అలా దొరకదు. ఏఐ డిటెక్టర్లు చూపించే శాతాన్ని నమ్మి ఎవర్నీ నిలదీయకండి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జులైలో వెనక్కి తీసుకుంది. తప్పు చేయని స్టూడెంట్ మీద నింద పడితే ఆ సెమిస్టర్ అంతా ఆ క్లాసు మీతో మనసు విప్పి మాట్లాడదు.

వర్డ్‌ప్రెస్‌లో రివిజన్స్, అంటే పోస్ట్ పాత రూపాలు చూడండి. రాస్తూ, కొట్టేస్తూ, మళ్లీ రాసిన పోస్ట్ ఒకలా ఉంటుంది, ఒకేసారి వచ్చి పడ్డది ఇంకోలా ఉంటుంది. ఇది కూడా రుజువు కాదు, నోట్‌బుక్‌లో రాసుకుని ఎక్కించేవాళ్లూ ఉంటారు. రెండు నిమిషాలు కూర్చోబెట్టి "మూడో పేరాలో ఈ మాట ఎందుకన్నావు?" అని మామూలుగా అడిగితే తెలిసిపోతుంది. అసలు మూలం టాపిక్‌లోనే ఉంది. ఎవరైనా రాయగలిగే టాపిక్ ఇస్తే ఎవరితోనైనా రాయిస్తారు. ఏఐ సాయం ఎంతవరకు ఫర్వాలేదో మొదటి రోజే చెప్పి, వాడితే పోస్ట్ చివర ఒక లైన్‌లో రాయమనండి.

## "ఫొటో సౌజన్యం: గూగుల్"

ఆ ఫొటో తీసింది గూగుల్ కాదు. వెతికితే కనపడినంత మాత్రాన వాడుకునే హక్కు రాదు. సొంతంగా తీసిన ఫొటో అన్నిటికన్నా మేలు, అందులో మనుషులుంటే వాళ్ల అనుమతి కావాలి. లేకపోతే వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఫొటోల సైట్‌లో వెతికి, ఫొటో పేరు, తీసినవారు, ఎక్కడిది, ఏ లైసెన్స్ అన్న నాలుగు వివరాలూ కింద రాయించండి. షరతులతో ఉచితంగా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి వాడకూడదు, ఎన్‌డీ అని ఉంటే మార్చినదాన్ని పంచకూడదు. కత్తిరించి, మీద అక్షరాలు పేర్చి పోస్టర్ చేసే అలవాటున్నవాళ్లు ఈ రెండోది గుర్తుపెట్టుకోవాలి.

ఫోన్‌లో తీసిన ఫొటోలు అలాగే ఎక్కిస్తే పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టొచ్చు. 1200 పిక్సెల్స్ వెడల్పుకు తగ్గించమనండి.

## "సార్, నా పోస్ట్ తీసేయండి"

కోర్సు అయిపోయాక, ఉద్యోగాల వేటలో ఉన్నప్పుడు ఈ మెసేజ్ వస్తుంది. తన పేరుతో వెతికితే రెండేళ్ల కిందట తొందరలో రాసిన పోస్ట్ పైకి వస్తుంటుంది. తీసేయాల్సిందే, కానీ వెబ్ పేజీల పాత నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ లాంటి చోట్ల నకలు మిగిలిపోయి ఉండొచ్చు. అందుకే మొదటి వారమే అడగండి: సొంత పేరా, కలం పేరా? ఎవరు ఏ పేరుతో రాస్తున్నారో ఆ జాబితా మీ దగ్గర మాత్రమే ఉండాలి.

"సెర్చ్ ఇంజిన్లకు కనపడొద్దు" అన్న టిక్ పెట్టి ధీమాగా ఉండకండి. అది సెర్చ్ ఇంజిన్లకు చేసే మనవి మాత్రమే, లింక్ తెలిసినవాళ్లెవరైనా చదవగలరు. నిజంగా దాచాలంటే బ్లాగ్‌ను ప్రైవేట్ చేయాలి. బ్లాగర్‌లో అయితే ఎంచుకున్న పాఠకులకే తెరవాలి.

## చదవలేక మీరే అలసిపోతున్నారు

ఒక్కొక్కరికీ విడి బ్లాగ్ ఉంటే రోజూ నలభై అడ్రస్‌లు తెరవడం ఎవరివల్లా కాదు. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి ఫీడ్ రీడర్లో ఆ బ్లాగులు చేర్చుకుంటే కొత్త పోస్టులన్నీ ఒకేచోటికి వస్తాయి. అందరిదీ ఒకే బ్లాగ్ అయితే జట్టుకో కేటగిరీ పెట్టించండి.

ప్రతి పోస్టుకీ పదికి ఇన్ని అని వేయకండి. రాశారా లేదా అన్నది మాత్రం టిక్ పెట్టుకోండి. చివర్లో ఎవరి మూడు మంచి పోస్టులు వాళ్లే ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో ఒక పేరా రాసివ్వాలి. పోస్టుల మార్కులు ఆ మూడింటికే. ఆ ఒక్క పేరాలో, పోస్టుల్లో కనపడని ఆలోచన చాలాసార్లు కనపడుతుంది.

## కోర్సు ముగిసింది, బ్లాగ్ ఏం చేయాలి?

కామెంట్లు మూసేయండి, లేకపోతే సెలవుల్లో స్పామ్ నిండిపోతుంది. వర్డ్‌ప్రెస్‌లో టూల్స్ కింద ఎక్స్‌పోర్ట్ నొక్కితే పోస్టులు, కామెంట్లు ఒక ఫైల్‌గా వస్తాయి. ఫొటోలు మాత్రం అందులో ఉండవు, వాటి లింకులే ఉంటాయి. బ్లాగ్ మూసేసే ఉద్దేశం ఉంటే ఫొటోలు విడిగా దించుకోమని స్టూడెంట్స్‌కి ముందే ఒక తేదీ చెప్పండి.