ఫ్రెండ్ అమెరికా వెళ్తున్నాడా? వీడ్కోలు వీడియో ఇలా చేయండి

ఆగస్టులో అమెరికా యూనివర్సిటీల్లో ఫాల్ సెమిస్టర్ మొదలవుతుంది కాబట్టి, జూలై వచ్చిందంటే ప్రతి గ్యాంగ్‌లోనూ ఎవరో ఒకరు సూట్‌కేసులు సర్దుతూ ఉంటారు. మిగిలినవాళ్లు వీడియో చేద్దామని మొదలుపెడతారు. చివరికి పాత ఫొటోలు కొన్ని పేర్చి, వెనక ఒక ఏడుపు పాట పెట్టి, అందరూ వరసగా "ఆల్ ద బెస్ట్ రా, మిస్ యూ రా" అన్న క్లిప్పులు అతికించి పంపేస్తారు. అలాంటిది ఎవరైనా ఒక్కసారే చూస్తారు. అక్కడ చలికాలంలో రూమ్‌లో ఒక్కడే ఉన్నప్పుడు మళ్లీ తెరిచి చూడాలనిపించాలంటే అందులో ఇక్కడి మనుషులు, ఇక్కడి చప్పుళ్లు ఉండాలి. దానికి ఫోన్ చాలు, రెండు వారాల టైమ్ చాలు.

1. వాడు లేని గ్రూప్

ముందు వాట్సాప్‌లో వాడిని వదిలేసి ఇంకో గ్రూప్ పెట్టండి. పేరు మాత్రం "ఫేర్‌వెల్" అని పెట్టకండి, పక్కన కూర్చుని ఉండగా మీ ఫోన్‌లో నోటిఫికేషన్ వస్తే సర్‌ప్రైజ్ అక్కడితో సరి. ఎడిటింగ్ ఒక్కరికే అప్పగించండి. క్లిప్పులు పంపాల్సిన గడువు అసలు తేదీకంటే నాలుగు రోజులు ముందుదిగా చెప్పండి, మనవాళ్ల సంగతి మీకు తెలియంది కాదు.

2. ప్రశ్నలు అడిగి తీయండి

"ఏదైనా చెప్పరా" అంటే అందరూ ఒకేలా మాట్లాడతారు. అదే "వాడి దగ్గర అప్పు తీసుకుని ఇవ్వనిది ఏంటి?", "వాడి బండి వెనక కూర్చుని ఎప్పుడైనా భయపడ్డావా?", "పరీక్ష ముందు రోజు రాత్రి వాడు ఏం చేసేవాడు?" అని అడిగి చూడండి, మనిషి ముఖమే మారిపోతుంది. కెమెరా పక్కన మీరు కూర్చుని మామూలుగా కబుర్లు చెప్పించండి. జవాబు అయిపోయిందనిపించాక కూడా కాసేపు రికార్డింగ్ ఆపకండి, చాలాసార్లు అసలు నవ్వు అప్పుడే వస్తుంది.

ఫోన్ అడ్డంగా పట్టుకోండి, లెన్స్ ఒకసారి తుడవండి, కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి. వీపు వెనక కిటికీ ఉంటే మనిషి నల్లగా పడతాడు. ఫ్యాన్ ఆపేయండి. బొమ్మ కాస్త బాగోకపోయినా చూస్తారు గానీ మాట వినపడకపోతే ఎవరూ చూడరు, అందుకే వైరున్న ఇయర్‌ఫోన్స్ మైక్ చొక్కాకి తగిలించినా చాలా తేడా ఉంటుంది.

వేరే ఊళ్లో ఉన్నవాళ్లని వీడియోని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే కుదించి, మసకగా చేసేస్తుంది. డాక్యుమెంట్‌గా 2 జీబీ వరకూ ఉన్నది ఉన్నట్టే వస్తుంది.

అమ్మానాన్నలని మర్చిపోకండి. ఆంటీని కెమెరా ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగితే ఏడ్చేస్తారు, అంకుల్ అయితే అసలు నోరే విప్పరు. ఆవిడ వంటింట్లో పప్పుకి తాలింపు వేస్తూ వాడి తిండి గోల చెబుతుంటే తీయండి, ఆయన స్కూటర్ తుడుస్తుంటే పక్కన నిలబడి తీయండి.

3. చోట్లు, చప్పుళ్లు

మీరంతా రోజూ కూర్చునే టీ కొట్టు, కాలేజీ గేటు, వాడి సందు మలుపు, మిర్చి బజ్జీల బండి. ఒక్కోచోట ఫోన్ కదపకుండా పదేసి సెకన్లు తీస్తే చాలు, ఊపుతూ తిప్పుతూ తీసింది ఎడిటింగ్‌లో పనికిరాదు. నూనెలో బజ్జీ వేగే చప్పుడు, కండక్టర్ కేకలు, గ్లాసులు కడిగే శబ్దం విడిగా ఒక నిమిషం రికార్డ్ చేసుకోండి. వాడు గ్రూప్‌లో పెట్టిన పాత వాయిస్ మెసేజ్‌లు కూడా వెతకండి, అవి బంగారం.

4. ఎడిటింగ్

ఫోన్‌లో అయితే వీఎన్ (VN) అనే ఎడిటింగ్ యాప్ వాడండి, ఉచితంగానే వాటర్‌మార్క్ లేకుండా ఇస్తుంది. ఆరేడు నిమిషాలు దాటనివ్వకండి. అందరికీ సమానంగా టైమ్ ఇవ్వాలనే మొహమాటం పెట్టుకుంటే సినిమా అక్కడే చచ్చిపోతుంది, ఎవరి మాట బాగుంటే వాళ్లదే ఎక్కువ ఉంచండి, మిగతావాళ్లకి ఒక్క నవ్వైనా దక్కితే చాలు. ఫొటో ఒక్కోటి మూడు సెకన్లు. మాట నడుస్తుండగా దాని మీద టీ కొట్టు బొమ్మ వేస్తే మధ్యలో కోసిన అతుకులు కనపడవు. పాట ఒక్కచోటే, అదీ మాటలు లేనప్పుడు పెట్టండి.

పెద్దవాళ్లు కూడా చూస్తారు కదా, హాస్టల్ కథలు చూసుకుని ఉంచండి. అవసరమైతే రెండు వెర్షన్లు చేయండి.

5. చూపించడం, ఇవ్వడం

ఫ్లైట్ రోజు రాత్రి వద్దు. ఆ ఇంట్లో బ్యాగులు తూకం వేస్తూ, 23 కిలోలు దాటిందని ఆవకాయ సీసా తీయాలా వద్దా అని టెన్షన్‌లో ఉంటారు. రెండు మూడు రోజుల ముందు ఎవరింట్లోనైనా టీవీలో వేయండి, పెన్‌డ్రైవ్‌లో ఎంపీ4గా ఉంటే దాదాపు ఏ టీవీలోనైనా ఆడుతుంది, కానీ ముందే ఒకసారి పెట్టి చూసుకోండి. యూట్యూబ్‌లో పెడితే అన్‌లిస్టెడ్‌గా, అంటే లింక్ ఉన్నవాళ్లే చూసేలా పెట్టండి. సినిమా పాట వాడి ఉంటే కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు, అందుకే అసలు ఫైల్ వాడికి విడిగా ఇవ్వండి. కోసేసిన క్లిప్పులు, ముఖ్యంగా అమ్మానాన్నలవి, డిలీట్ చేయకుండా గూగుల్ డ్రైవ్‌లో వేసి ఆ లింక్ కూడా పంపండి, తర్వాత వాడే అడుగుతాడు.