దుబాయ్ గోల్డ్ సూక్‌లో బేరం ఎక్కడ ఆడాలి?

దుబాయ్‌లో దేరా ప్రాంతంలోని గోల్డ్ సూక్‌లో, అంటే బంగారు నగల బజారులో, నగలు కొనబోతున్నారా? బంగారం రేటు మీద బేరమాడి నోరు నొప్పి పుట్టించుకోకండి. ఆ రోజు గ్రాము రేటు షాపులో బోర్డు మీదే ఉంటుంది, పక్క షాపులోనూ దాదాపు అదే. బేరమంతా మజూరీ, అంటే నగ తయారీ కూలి మీదే. అది డిజైన్‌ని బట్టి, షాపుని బట్టి మారిపోతుంది.

అందుకే మొత్తం ధర అడగొద్దు. "గ్రాముకు మజూరీ ఎంత?" అని అడగండి. ఒకలాంటి గొలుసుకే మూడు నాలుగు షాపుల్లో అడిగి, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి. మొహమాటం అక్కర్లేదు, అక్కడ బేరం మామూలే. లేచి వెళ్లబోతుంటే ఇంకాస్త తగ్గించడమూ మామూలే! రాళ్ల నగైతే రాళ్ల బరువు తీసేసి తూచమనండి. 22 క్యారెట్లకు 916 ముద్ర చూసుకోండి. బిల్లులో బరువు, క్యారెట్, మజూరీ విడివిడిగా రాయించుకోండి.

నగల మీద 5 శాతం వ్యాట్ ఉంటుంది. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లు కొనేటప్పుడే పాస్‌పోర్ట్ చూపించి ట్యాక్స్ రీఫండ్‌కి నమోదు చేయించుకుంటే, తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో అందులో చాలావరకు వెనక్కి వస్తుంది. అక్కడ ఉద్యోగం చేసుకునే మనవాళ్లకు మాత్రం ఈ సౌకర్యం లేదు.